పైన పటారం, లోన లొటారం

హంగూ ఆర్భాటంతో తిరిగే మనిషి అటు వెళ్లగానే ‘పైన పటారం, లోన లొటారం’ అనుకుంటాం. పైకి మెరుపు, లోపల డొల్ల అని. ఎదురుపడితే మాత్రం కుర్చీ వేస్తాం.

మొన్న ఆదివారం మేమూ అంతే. కారులో వచ్చిన అతిథి కోసం మందిరంలో ఒక అవ్వను కుర్చీలోంచి లేపి చాప మీద కూర్చోబెట్టాం.

ఆ రాత్రి యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదివాం. బంగారు ఉంగరం పెట్టుకున్నందుకు అతణ్ణి యాకోబు తప్పుపట్టలేదు. అది చూసి మంచి చోటు ఇచ్చినవారినే గద్దించాడు. లొటారం మాలోనే ఉంది.

సోమవారం అవ్వ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. “కింద కూర్చుంటే లేవలేను అయ్యగారూ” అంది, అంతే.

ప్రభువు మమ్మల్ని క్షమించును గాక. ఆమేన్.