తంతిలోని తుమ్మెద

రాజపాళయమునకు సమీపమున, పడమటి కనుమల నీడనున్న మా మంసాపురములో వీధి భాష తమిళమైనను మా యింటి భాష తెలుగే. నూలుమిల్లులో గుమాస్తాగా నుండి విశ్రాంతి పొందిన నాకు యంత్రముల రొద క్రొత్త కాదు. కాని 2015వ సంవత్సరమున ఐప్పసి వానలు పట్టిన పిమ్మట మా టెలిఫోనులో పుట్టిన రొద నన్ను నిద్రపోనీయలేదు.

ఆ తంతి యావలి కొసను, కోయంబత్తూరులో, మా అక్క యుండెను. ఎనుబది దాటినది, సెల్‌ఫోను ముట్టదు. మా అమ్మ పలికిన రీతిని తెలుగు పలుకువారు నాకామె తప్ప వేరొకరు మిగులలేదు. "నీ వెనకాల తుమ్మెద ఉందిరా, నీ మాటే వినపడదు" అని ఫోను పెట్టివేయుచుండెను. మా అబ్బాయికి ఆ బాధ లేదు. "ఇంటర్నెట్టు బాగానే వస్తున్నది గదా నాయనా, ఫోను తీసివేయుదము" అనెను. అతని మాటయు నిజమే. ఒకే తంతిలో మాట సెకనుకు సుమారు 3,400 కంపనముల లోపలను, ఇంటర్నెట్టు 25,000 కంపనములకు పైనను నడచును. మన కరెంటు 50 కంపనములది; దాని రొద మాటనే చెరచును.

నా గుమాస్తాతనమంతయు చూపి రెండు ఫిర్యాదులు వ్రాసితిని. జవాబు రాకమునుపే మిల్లులో నాతో పనిచేసిన ఎలక్ట్రీషియను వచ్చి, మోడెము అడాప్టరు తీసెను, రొద పోలేదు. ఫిల్టరు మార్చెను, పోలేదు. ఇంటి మెయిను స్విచ్చి ఆపెను. చీకటిలోను తుమ్మెద పాడుచునే యుండెను. తప్పు బయటిదే యని నేను సంతోషించితిని! అతడు మాత్రము వసారా పెట్టెకడ లోపలి తీగను విడదీసి, ఒక ఫోనును అచ్చటనే తగిలించెను. తంతి నిర్మలముగా నుండెను.

రెండు తీగలను పురిపెట్టి నడుపు ఉపాయమునకు గ్రాహంబెల్లు 1881లో పేటెంటు పొందెను. వీధి కరెంటు రొద రెండు తీగలలోను సమముగా చేరును. ఫోను వాని భేదమునే వినును గనుక ఆ రొద వినబడదు. ఒక తీగ మాత్రము తడిగోడకు తగిలినచో ఆ సమత చెడును. రొద వీధిది, లోపము మా యింటిది.

బీరువా వెనుక, చెమ్మ పట్టిన గోడమీద, టేపు చుట్టిన అతుకొకటి పచ్చగా చిలుము పట్టియుండెను. మోడెము వచ్చిననాడు కూలి మిగుల్చుటకై దానిని అతికినవాడను నేనే.

అతుకులేని తీగ వేసితిమి. ఆ సాయంకాలము అక్క, "తుమ్మెద ఏడికి పోయెరా?" అని నవ్వి, పది దినముల చీవాట్లను ఒక్కమారే పెట్టెను.

మరునాడు ఫిర్యాదులను ఉపసంహరించుకొనుచు మూడవ జాబు వ్రాసితిని. కారణమని వ్రాయవలసిన చోట, "వాన" అని మాత్రము వ్రాసితిని.