గాయము, దౌర్బల్యము

హుజూరాబాదులో మేమును మిత్రులును గూడి యొక ప్రభుత్వ పత్రమును తెనిగింప బూనితిమి. ‘వల్నరబుల్’ అను మాటకడ కలము నిలిచెను. ‘దుర్బలులు’ అని వ్రాసి కొట్టివేసితిమి. లాటినున ‘వల్నస్’ అనగా గాయము. దుర్బలుడనిన లోపమంతయు వానిదే. గాయమనినచో గాయపరచు చేయి యొకటి యుండవలెను గదా! ‘గాయపడదగినవారు’ అందమా, గాయపడుట వారి యర్హత యైపోవును.

మన ఆదిలాబాదు కొలాములు, తోటులు మున్నగు తెగలకు తగిలించిన ‘ఆదిమ’ యను పేరును 2006లో మాని సర్కారు ఈ మాటనే పెట్టినది. అది మంచి మార్పే. తెలుగున ‘దుర్బల’ మనుటతో ఆ మంచి సగము పోయినది. అడవియు పోడుభూమియు చేజారుట వారి దౌర్బల్యమా?

తుదకు ‘సులభముగ దెబ్బ తగులువారు’ అని వ్రాసితిమి. పట్టికలోని గడిలో ఇమడదని మిత్రులు సణిగిరి. గడిని వెడల్పు చేయుడంటిమి.