సింగపూరులో ఒక రాత్రి

పరకాలనుండి హైదరాబాదు చేరి, అచట విమానమెక్కి, నాలుగు గంటల పైచిలుకు కాలములో సింగపూరున దిగితిమి. అచటి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు నడచును. మాకున్నది ఒక్కరాత్రియే. సెరంగూను వీధిలో శ్రీనివాస పెరుమాళ్ళను సేవించి, ఆ వీధిలోనే భోజనము ముగించి, మెరీనా బరాజును చూడబోతిమి.

సముద్రపు పాయ కడ్డముగ 350 మీటర్ల పొడవున గట్టిన యీ ఆనకట్ట 2008లో పూర్తియైనది. దాని తొమ్మిది తలుపులు ఉప్పునీటిని వెలుపల నిలిపి, నగరవీధులపై గురిసిన వాననీటిని లోపల గాపాడుచున్నవి. దానిమీది పచ్చికపై తల్లులు బిడ్డలతో గూర్చుండి చల్లగాలి ననుభవించుచుండిరి.

ఆ ద్వీపమున మహానది యేదియు లేదు. 1963లో అనావృష్టిచే ఇంటింటికి గంటల లెక్కను నీరిచ్చిరి. నేడు మూడింట రెండువంతుల నేలపై బడిన వాన జలాశయములకు జేరుచున్నది. వాడిన నీటినిగూడ శుద్ధిచేసి మరల వినియోగింతురు. కొంత మలేషియానుండి కొందురు. బసలో మేము కొళాయినీరే త్రాగితిమి. తెల్లవారకమున్నే తిరుగుప్రయాణమైతిమి.

సోదరీమణులారా, నీటిని నిలుపుట మనకు క్రొత్తవిద్య కాదు. కాకతీయులనాటి రామప్ప, పాకాల చెరువులు మన సీమలోనివే. వారు సముద్రమువాత బడకుండ వానను దక్కించుకొనుచుండగా, మన పల్లెలలో పూడిక నిండిన కుంటలు దానిని జారవిడుచుచున్నవి. బిందె మోయునది స్త్రీయే గనుక, గ్రామసభలో చెరువుమాట ముందుగ నెత్తవలసినదియు స్త్రీయే.