రోడ్డు పన్ను కట్టాం సరే, ఆ డబ్బు ఏ పద్దులో ఉంది?

ఈసారి రాత కొంచెం పొడుగైంది. ఓపిగ్గా చదవండి. విషయం మన రోడ్లది, వాటికి మనం కట్టే డబ్బుది.

తమిళనాడులో మనం లక్ష రూపాయల లోపు కొత్త బండి, అంటే టూ వీలర్, కొంటే ధరలో 10 శాతం జీవితకాల పన్ను కట్టాలి. 2023 నవంబరు నుంచి ఈ రేటు. అంతకు ముందు 8 శాతం ఉండేది. దాన్నే మనం రోడ్ టాక్స్ అంటాం. తర్వాత పెట్రోలు పోసిన ప్రతిసారీ కేంద్రానికి కొంత, రాష్ట్రానికి కొంత కడతాం. పెళ్లికో తిరుపతికో కారు మాట్లాడుకుంటే టోల్ గేటులో ఇంకోసారి కడతాం. ఒకే రోడ్డుకు మూడు చోట్ల డబ్బు. అయినా మన వీధి చివర గుంత అలాగే ఉంటుంది. "ఇంత కడుతున్నాం, ఎక్కడికి పోతోంది?" అని మనవాళ్లు అడగని మీటింగు లేదు. దీనికి జవాబు కోపంలో దొరకదు, చట్టాల్లో దొరుకుతుంది. మేము చదివినంత, అర్థమైనంత ఇక్కడ పెడుతున్నాం.

మొదట పాత సంగతి. మన తాతల కాలంలో స్థానిక బోర్డులు, మునిసిపాలిటీలు తమ తమ రోడ్ల మీద గేట్లు పెట్టి సుంకం వసూలు చేసుకునేవి. మోటారు బస్సులు, లారీలు వచ్చాక ఇది పెద్ద తలనొప్పి అయింది. ప్రతి ఊరి పొలిమేరలో ఆగాలి, చిల్లర తీయాలి. 1931లో మద్రాసు ప్రావిన్సు మోటారు వాహనాల పన్ను చట్టం తెచ్చింది. అందులోని ఒప్పందం చాలా సూటిగా ఉంది. మోటారు బండ్ల మీద స్థానిక సంస్థలు గేటు సుంకం వసూలు చేయకూడదు. దానికి బదులు బండి యజమాని ప్రభుత్వానికి పన్ను కడతాడు. గేటు రాబడి పోయిన స్థానిక సంస్థలకు ప్రభుత్వం ఆ మేరకు పరిహారం ఇస్తుంది.

ఆ రోజుల్లో మద్రాసు ప్రావిన్సు గంజాం నుంచి తిరునల్వేలి దాకా, బళ్లారి కూడా కలిపి ఉండేది. అంటే ఇవాళ బరంపురంలో, బళ్లారిలో, చెన్నైలో, కోయంబత్తూరులో ఉన్న మన సంఘాల వాళ్లందరి పెద్దలకూ వర్తించిన చట్టం ఇది. యానాం ఒక్కటే అప్పుడు ఫ్రెంచి వాళ్ల కింద ఉంది. "పన్ను కట్టు, గేటు ఉండదు" అన్నది ఆనాటి మాట. ఇప్పుడు పన్నూ ఉంది, గేటూ ఉంది. తమిళంలో దాన్ని సుంగచ్చావడి అంటారు. సుంకం మన మాటే, చావడీ మన మాటే. పేరు కూడా పాతదే తిరిగి వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం పనులు పంచింది. జాతీయ రహదారులు కేంద్రానివి. మిగతా రోడ్లు రాష్ట్రానివి. బండ్ల మీద పన్ను, టోల్ రెండూ రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి, 57వ అంశం, 59వ అంశం. తమిళనాడులో ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం. ఆ చట్టం కింద వచ్చే డబ్బు రాష్ట్ర సంచిత నిధిలో పడుతుంది. అమ్మకం పన్ను, రిజిస్ట్రేషన్ రాబడి కూడా అందులోనే. అక్కడి నుంచి జీతాలకు, పింఛన్లకు, బడులకు, రోడ్లకు బడ్జెట్ ద్వారా పంచుతారు. బండి కొన్నప్పుడు మనం కట్టిన పన్ను రోడ్డుకే పోవాలన్న కట్టుబాటు అక్కడ లేదు. పేరులో రోడ్డు ఉంది గాని పద్దులో లేదు.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. పార్సిల్ ఆఫీసులో రూపాయి రసీదైనా ఏ పద్దు కింద అని రాయకపోతే ఆ కాగితం ముందుకు కదలదు. ఆ అలవాటుతో చూస్తే ఇది మాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. ఒకప్పుడు కోర్టులు కూడా ఈ లెక్కను కొంత పట్టించుకునేవి. బండ్ల మీద పన్ను వేస్తే రోడ్డు సౌకర్యం కల్పించినందుకు బదులుగా ఉండాలన్న వాదానికి 1962లో సుప్రీం కోర్టు తీర్పు ఒకటి బలం ఇచ్చింది. 2016 నవంబరులో తొమ్మిదిమంది జడ్జీల బెంచి మెజారిటీ తీర్పుతో ఆ వాదాన్ని పక్కన పెట్టింది. కాబట్టి "మేము కట్టాం, రోడ్డు వెయ్యండి" అని చట్టం చూపించి అడిగే దారి ఇప్పుడు దాదాపు మూసుకున్నట్టే. మిగిలిన దారి ఒకటే. చట్టం చేసేటప్పుడే డబ్బును రోడ్డుకు కట్టిపడేయాలి.

కేంద్రం ఆ పని ఒక రకంగా చేసింది. పెట్రోలు మీద వచ్చే డబ్బులో కొంత రోడ్లకని వేరు చేసే ఏర్పాటు 1929 నుంచే ఉంది. 2000లో దానికి సెంట్రల్ రోడ్ ఫండ్ చట్టం వచ్చింది. డీజిలు సెస్సులో సగం గ్రామీణ రోడ్లకు. మిగతా దానిలో 57.5 శాతం జాతీయ రహదారులకు, 30 శాతం రాష్ట్రాల రోడ్లకు, 12.5 శాతం రైల్వేకు, గేట్ల దగ్గర పైవంతెనలకు, కింద దారులకు. ఇలా పద్దు వారీగా చట్టంలోనే రాశారు. చదవగానే మాలాంటి గుమాస్తాకు అర్థమయ్యే చట్టం అది. 2018లో పేరు మార్చి రోడ్లతో పాటు ఇతర నిర్మాణాలకూ దాన్ని విశాలం చేశారు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కేంద్రం వేసే సెస్సు రాష్ట్రాలకు పంచే వాటాలోకి రాదు. మామూలు పన్ను పెరిగితే అందులో రాష్ట్రానికి భాగం ఉంటుంది, సెస్సు పెరిగితే అలా భాగం పంచరు. అందుకే రాష్ట్రాలు తమ దారి తాము వెతుక్కుంటున్నాయి.

ఆ దారులు ఎలా ఉన్నాయో చూడండి. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. ఆ డబ్బు రోడ్డు అభివృద్ధి కార్పొరేషనుకు అన్నారు. రాబోయే రాబడిని చూపి బ్యాంకు దగ్గర అప్పు తీసుకునే పద్ధతి అది. కేరళలో కూడా లీటరుకు రూపాయి, దానితో పాటు మోటారు వాహనాల పన్నులో సగం దాకా, ఒక బోర్డుకు పోయేలా చట్టం మార్చుకున్నారు. ఆ బోర్డు రోడ్లు, వంతెనలు, బడులు, ఆసుపత్రులకు అప్పు తెస్తుంది. దీనిలో మంచి ఉంది, భయమూ ఉంది. డబ్బు పద్దుకు కట్టుబడి ఉండడం మంచి. రేపటి మనవళ్లు పోసుకోబోయే పెట్రోలు మీద ఇవాళే అప్పు చేయడం భయం.

మహారాష్ట్రది ఇంకో దారి. ముంబైలో ఫ్లైఓవర్లు కట్టి ఆ ఖర్చు రాబట్టడానికి నగరం అయిదు ప్రవేశ ద్వారాల దగ్గర టోల్ పెట్టారు. అక్కడి మన తెలుగువాళ్లు ఏళ్ల తరబడి కట్టారు. 2024 అక్టోబరులో కార్లు, చిన్న బండ్లకు దాన్ని తీసేశారు. తమిళనాడులోనూ చెన్నై పాత మహాబలిపురం రోడ్డు మీద టోల్ ఉండేది. మెట్రో పనుల వల్ల 2021 ఆగస్టు చివర్లో నాలుగు గేట్లు మూసేశారు. నావలూరు గేటు 2023 అక్టోబరులో మూతపడింది. రెండు చోట్లా గేటు పోయిన రోజు జనం సంతోషపడ్డారు. కాని గేటు ఎప్పుడు మూయాలో అన్నది ముందే అందరికీ తెలిసిన లెక్క ప్రకారం జరగలేదు. ముఖ్యమంత్రి ప్రకటన వచ్చింది, గేటు మూతపడింది. అప్పటిదాకా ఎంత వసూలైంది, ఎంత బాకీ ఉంది అన్నది దాటిపోయే మనిషికి తెలియదు.

2024 జూన్‌లో తమిళనాడు శాసనసభలో రాష్ట్ర రహదారుల అథారిటీ కోసం ఒక బిల్లు ఆమోదం పొందింది. రాష్ట్ర రహదారులను పెద్ద ఎత్తున కట్టడానికి, వాటికి డబ్బు సమకూర్చడానికి వేరే సంస్థ ఉండాలన్నది దాని ఉద్దేశం. రేపు రాష్ట్ర రహదారుల మీదా వాడకం రుసుము రావచ్చు. అది వచ్చాక అరవడం కంటే, రూల్సు రాసేటప్పుడే అడగడం మేలు.

ఇక మన ఇంటి దగ్గరి సంగతికి వద్దాం. మనలో సగంమంది రైల్వే గేటుకు అవతల ఉంటారు. గేటు పడితే ఆంబులెన్సు అయినా ఆగాల్సిందే. పైవంతెన మంజూరుకు ఒక లెక్క ఉంది. రోజుకు ఆ గేటు దాటే రైళ్ల సంఖ్యను బండ్ల సంఖ్యతో హెచ్చించాలి. అది లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చుతో వంతెన కట్టవచ్చు. పట్టాల మీది భాగం రైల్వేది, రెండు పక్కలా ఎక్కే దారి రాష్ట్రానిది. చాలా ఊళ్లలో నడుమ భాగం మాత్రం లేచి నిలబడి, రెండు పక్కలా దారి లేక ఏళ్ల తరబడి ఎదురుచూడడం మీరు రైల్లోంచి చూసే ఉంటారు. నడుమ భాగానికి కావలసిన స్థలం రైల్వే సొంతం. ఎక్కే దారికి కావలసింది మన ఇళ్ల స్థలం, మన కొట్ల స్థలం. పని అక్కడే నిలుస్తుంది.

ఆ స్థలం తీసుకునేది తమిళనాడు రహదారుల చట్టం 2001 కింద. 2013లో కేంద్రం కొత్త భూసేకరణ చట్టం తెచ్చినా, తమిళనాడు 2015లో సవరణ చేసి ఈ చట్టాన్ని దాని నుంచి వేరుగా నిలబెట్టుకుంది. 2019లో మద్రాసు హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. రాష్ట్రం మళ్లీ చట్టం చేసింది. 2021లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. మనకు కావలసిన సారం ఇది. సామాజిక ప్రభావ అధ్యయనం వంటి రక్షణలు మనకు దొరకవు, కాని పరిహారం లెక్క 2013 చట్టం ప్రకారమే రావాలి.

అందుకే సెక్షన్ 15(2) నోటీసు వస్తే దాన్ని బీరువాలో పెట్టకండి. "ఈ స్థలం ఎందుకు తీసుకోకూడదో చెప్పండి" అని అడిగే కాగితం అది. గడువులోగా రాతపూర్వకంగా బదులివ్వాలి. నోటీసు తమిళంలో వస్తుంది. మన ముసలివాళ్లలో కొందరికి తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మేము చదువుకున్నది తమిళ మీడియంలోనే. తెచ్చి చూపితే చదివి చెప్తాం, బదులు రాసి ఇస్తాం.

వంతెన కావాలనే వాళ్లూ మనవాళ్లే, వాకిలి పోతుందని ఏడ్చే అక్కయ్యా మన మనిషే. సంఘం ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క చీలిపోతుంది. మా అభిప్రాయం ఏమంటే, వంతెన కావాలి, పరిహారం డబ్బు వంతెన టెండరు కంటే ముందే వేరే పద్దులో ఉండాలి. కాంట్రాక్టరుకు బిల్లు సమయానికి అందేలా చేసే ప్రభుత్వం, స్థలం ఇచ్చిన వాళ్లకు కూడా అలాగే చేయగలదు.

సంఘం తరఫున సోమవారం కలెక్టరాఫీసు మనవి రోజున ఇవ్వడానికి, మన ఎమ్మెల్యే గారికి పంపడానికి, మేము మూడు మాటలు సూచిస్తున్నాం.

ఒకటి: రోడ్డు పేరుతో వేసే ఏ సెస్సైనా, రుసుమైనా చట్టంలోనే వేరే నిధిగా ఉండాలి. అందులో స్థలం పరిహారానికి, పాత రోడ్ల మరమ్మతుకు ఎంతెంత అన్నది రాసి ఉండాలి. కొత్త రోడ్డు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టడానికి అందరూ వస్తారు, గుంత పూడ్చడానికి ఎవరూ రారు.

రెండు: రాష్ట్ర రహదారి మీద గేటు పెడితే, గేటు దగ్గరే తమిళంలో బోర్డు పెట్టాలి. రోడ్డుకు ఎంత ఖర్చయింది, ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎప్పటిదాకా వసూలు అనేది ఆ బోర్డులో ఉండాలి.

మూడు: గేటుకు దగ్గరి ఊళ్ల వాళ్లకు, రోజూ దాటే ఆటోలకు, పాల బండ్లకు రుసుము ఉండకూడదు.

ఇంకొకటి, ఇది ప్రభుత్వానికి కాదు, మనకు. ఏ రోడ్డు ఎవరిదో తెలుసుకుని మనవి ఇవ్వాలి. జాతీయ రహదారి కేంద్రానిది. రాష్ట్ర రహదారి, పెద్ద జిల్లా రోడ్డు, ఇతర జిల్లా రోడ్డు రహదారుల శాఖవి. పంచాయతీ, పంచాయతీ యూనియన్ రోడ్లు గ్రామీణాభివృద్ధి శాఖవి. పట్టణంలో వీధి మునిసిపాలిటీది. తప్పు ఆఫీసుకు ఇచ్చిన మనవి ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు తిరుగుతూ ఏడాది గడుపుతుంది. పల్లెల్లో ఉన్నవాళ్లు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న జరిగే గ్రామసభకు పోయి రోడ్డు పేరు, పొడవు చెప్పి తీర్మానం రాయించండి. నోటి మాట నిలవదు, తీర్మానం పుస్తకంలో ఉంటుంది.

ఈ మూడు మాటల్లో మార్పులు ఉంటే కింద రాయండి. తమిళంలో మనవి పత్రం మేము సిద్ధం చేస్తాం. సంతకాలకు వీధికి ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి, గేటుకు అవతలి నుంచి ఒకరు, ఇవతలి నుంచి ఒకరు.