నగరమనే ఇల్లు

మన ప్రబంధ కవులకు వీథులలో రథాలు ఒరసికొనడం ఐశ్వర్య చిహ్నం. ఏనుగుల మదజలంతో నేల తడవడం, గుఱ్ఱాల డెక్కల ధూళి ఆకాశాన్ని కప్పడం వారి దృష్టిలో పురవైభవమే. ఆ వీథిలో కాపురమున్న ఇల్లాలు ఆ ధూళిని ఎట్లా భరించిందో, ఆమె బిడ్డ వీథి ఎట్లా దాటాడో అనే ప్రస్తావన పురవర్ణనలలో సాధారణంగా కనిపించదు. అలంకారశాస్త్రం అడగని ఆ ప్రశ్నను ఇరవయ్యవ శతాబ్దంలో ఒక ఇంజినీరు అడిగారు. వాహనం ఎంత వేగంగా పోగలదన్నది అందరి ప్రశ్న. అది పోయే వీథిలో మనిషి ఎట్లా బ్రతుకుతాడన్నది ఆయన ప్రశ్న. ఆయనే కాలిన్ బుకానన్.

బుకానన్ 1907లో సిమ్లాలో జన్మించారు. వారిది ఇంజినీర్ల వంశం. లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, 1930లో సూడాన్ ప్రజాపనుల శాఖలో చేరారు. రెండేళ్ళ తరువాత స్వదేశానికి వచ్చి, 1935 నుంచి బ్రిటన్ రవాణా మంత్రిత్వ శాఖలో రహదారుల పని చూశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలోని ఇంజినీర్ల దళంలో పనిచేశారు. 1946లో కొత్తగా ఏర్పడిన పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖకు మారారు.

ఇన్ని కొలువులు మారడం ఆనాటి ఉద్యోగులలో అరుదైన విషయమేమీ కాదు. కాని ఈ మార్పులో ఒక విశేషం ఉంది. రహదారుల శాఖ దృష్టిలో ఇండ్లు అడ్డంకులు. పట్టణ ప్రణాళికా శాఖ దృష్టిలో వాహనాలు మరొక శాఖవారి వ్యవహారం. రెండు బల్లల దగ్గరా కూర్చున్న మనిషికి ఆ రెంటి మధ్య ఉన్న అగాధం తెలిసింది. ఆ తెలివిడితోనే ఉద్యోగం చేసుకొంటూ, తీరిక వేళల్లో మోటారు వాహనం బ్రిటన్‌కు తెచ్చిన మేలును, కీడును వివరించే ఒక పుస్తకం వ్రాశారు. 1958లో వెలువడిన ఆ గ్రంథానికి ‘మిక్స్‌డ్ బ్లెస్సింగ్’ అని పేరు పెట్టారు. వరమే, కాని కల్తీ లేని వరం కాదని దాని భావం.

నాటి రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్, నగరాలలో వాహనాల సమస్యను పరిశీలించే బాధ్యతను బుకానన్‌కు అప్పగించారు. మార్పుల్స్ రహదారుల నిర్మాణ వ్యాపారంతో సంబంధం ఉన్నవాడు. అటువంటివాడు ఇటువంటి మనిషిని ఎన్నుకొనడం చిత్రమే. ఆ నివేదిక 1963 నవంబరులో ‘ట్రాఫిక్ ఇన్ టౌన్స్’ అనే పేరుతో ప్రచురితమైంది. ప్రభుత్వ నివేదికలను సామాన్య పాఠకులు ముట్టరు. దీనిని మాత్రం మరుసటి ఏడాది పెంగ్విన్ సంస్థ సంక్షిప్తరూపంలో అచ్చువేసి అమ్మింది.

ఆ నివేదికకు ఆయువుపట్టు ఒక చిన్న ఉపమానం. ఇల్లు కట్టేవాడు వంటగది గుండా, పడకగది గుండా అందరూ నడిచిపోయేటట్లు కట్టడు. ఒక నడవ విడిచి, దాని వెంట గదులు అమరుస్తాడు. ఆసుపత్రిలోనూ అంతే. రోగిని తీసుకొనిపోయే బండి నడవలో సాగుతుంది గాని, శస్త్రచికిత్స గది మధ్యగా పోదు. నగరాన్ని కూడ ఇట్లాగే చూడాలన్నారు బుకానన్. జనం నివసించే, పనిచేసే, కొనుగోళ్ళు చేసే ప్రాంతాలు గదులు. దూరం పోయే వాహనాలకు విడిగా ఉన్న రహదారులు నడవలు. గదిలో పనిలేని వాహనం గదిలోకి రాకూడదు.

ఉపమానం ఇంతవరకు సులభమే. దానికి ఆయన చేర్చిన నియమం కఠినమైనది. ఒక గదిలో ఎంత ప్రశాంతత, ఎంత భద్రత ఉండాలో ముందుగా నిశ్చయించాలి. అది నిశ్చయమైన తరువాత, ఆ ప్రాంతంలోకి ఎన్ని వాహనాలు రావచ్చునన్నది రహదారుల మీద, కట్టడాల మీద వెచ్చించే ధనాన్ని బట్టి ఉంటుంది. ధనం పెట్టలేకపోతే వాహనాలను తగ్గించుకోవాలి. ప్రశాంతతను తగ్గించడానికి వీలులేదు. న్యూబరీ వంటి చిన్న పట్టణం, లీడ్స్ వంటి పెద్ద నగరం, నారిచ్ వంటి ప్రాచీన నగరం, లండన్ నడిబొడ్డు — ఈ నాలుగింటికీ ఈ నియమాన్ని అన్వయించి చూపారు. నారిచ్ విషయంలో, ఆ పాత నగరాన్ని కాపాడుకోవాలంటే వాహనాలకు హద్దు గీయక తప్పదని తేలింది.

లోకం ఈ నివేదికను సగమే చదివింది. పాదచారులకు పైన ఒక అంతస్తు, వాహనాలకు క్రింద ఒక అంతస్తు చూపిన చిత్రాలు పాలకులను ఆకర్షించాయి. నడవలు కట్టడం ఉత్సాహంగా మొదలైంది. గదులను కాపాడడం వెనుకబడింది. లీడ్స్ నగరం తన తపాలా ముద్రలపైన సైతం డెబ్బయ్యవ దశకపు మోటార్‌వే నగరంగా చాటుకొన్నది. 1970లో లండన్‌లో ప్రారంభమైన వెస్ట్‌వే అనే ఎత్తైన రహదారి కొన్ని ఇండ్ల పడకగది కిటికీల పక్కనుంచే పోయింది. అది బుకానన్ రూపొందించినది కాదు. అయినా అటువంటి కట్టడాల అపకీర్తిలో ఆయన పేరుకూ వాటా దక్కింది. ఆయన బాధ్యత బొత్తిగా లేదనడం కూడ న్యాయం కాదు. 1964లో ఆయన స్థాపించిన సలహా సంస్థ బాత్ నగరం క్రింద సొరంగమార్గం వేయాలని సూచించింది. అంతటి సుందర నగరంలో అంతటి నిర్మాణమా అని పౌరులు ఎదిరించారు. ఆ పథకం ఆగిపోయింది.

ఆ సంస్థ పక్షాన ఐర్లండ్ ప్రాంతీయాభివృద్ధిని పరిశీలించారు. కువైట్‌కు బృహత్ ప్రణాళిక సిద్ధం చేశారు. ఇంపీరియల్ కళాశాలలోనూ, ఆపైన బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యపదవి నిర్వహించారు.

వీటన్నింటికంటే ఆయన స్వభావాన్ని పట్టి చూపిన ఘట్టం వేరొకటి ఉంది. లండన్‌కు మూడవ విమానాశ్రయం ఎక్కడ కట్టాలో తేల్చడానికి 1968లో న్యాయమూర్తి రాస్కిల్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. ఏడుగురు సభ్యులలో బుకానన్ ఒకరు. సంఘం లాభనష్టాలను ధనరూపంలో లెక్కకట్టింది. ప్రయాణికుడి గంటకు ఒక ధర, ఇంటికి ఒక ధర, శబ్దానికి ఒక ధర. పన్నెండవ శతాబ్దపు స్ట్యూక్లీ చర్చికి అగ్ని బీమా మొత్తమే విలువ అవుతుందా అనే విమర్శ కూడ చెలరేగింది. చివరకు బకింగ్‌హామ్‌షైర్‌లోని కబ్లింగ్టన్ అనే పల్లె ప్రాంతాన్ని ఆరుగురు సమర్థించారు. ఏడవవాడు ఒప్పుకోలేదు. వందల ఏండ్లుగా అల్లుకొన్న పొలాలు, పల్లెలు ఆ లెక్కలో ఇమడవని బుకానన్ తన భిన్నాభిప్రాయాన్ని విడిగా వ్రాసి, సముద్రతీరంలోని ఫౌల్‌నెస్‌ను సూచించారు. సంఖ్యలు ఎరిగిన ఇంజినీరే సంఖ్యలకు ఎదురు నిలవడం వలన ఆ మాటకు బరువు వచ్చింది. 1971 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆరుగురి మాటను త్రోసిపుచ్చి ఒక్కరి మాటను స్వీకరించింది. ఫౌల్‌నెస్ పథకాన్ని కూడ 1974లో విరమించుకొన్నారు. మూడవ విమానాశ్రయం తుదకు స్టాన్‌స్టెడ్‌కు చేరింది. బుకానన్ దానినీ వ్యతిరేకించి 1981లో ఒక పుస్తకం వ్రాశారు. ఈసారి ఆయన మాట చెల్లలేదు.

మరుగున పడిన ఆ రెండవ సగం మాత్రం వేరే నేలలో మొలకెత్తింది. నెదర్లాండ్స్‌లో నీక్ డి బోయర్ అనే ప్రణాళికావేత్త బుకానన్ నివేదికను చదివి, వాహనం నడకవేగంతో మెలగవలసిన నివాసవీథులను ఊహించారు. ‘వూనెర్ఫ్’ అనే ఆ వీథులకు 1976లో అక్కడ చట్టబద్ధత లభించింది. నారిచ్‌లోని లండన్ వీథినైతే 1967లోనే పాదచారులకు విడిచిపెట్టారు.

బుకానన్ 2001 డిసెంబరులో మరణించారు. కబ్లింగ్టన్ దగ్గర, విమానాశ్రయానికి నడిమధ్య కావలసిన చోట, 1972లో ఒక చిన్న తోపు నాటారు. అక్కడివారు దానిని బుకానన్ తోపు అంటారు.