కూనూరు యాత్ర – అన్నవిచారము

నీలగిరులకు పోవువారిలో ననేకులు ఉదకమండలమును జూచి, సరస్సులో పడవ నెక్కి, చాకొలెట్లు కొని మరలివత్తురు. నడుమనున్న కూనూరు వారికి రైలు కొంతసేపు నిలుచు స్టేషను మాత్రమే. మన తెలుగు సోదరీమణులు మాత్రము ఆ యూర రెండుదినములైన నిలువవలెనని మా కోరిక. ఏలయన, మనము దినమును వండి వడ్డించు బియ్యపుటన్నమును గూర్చి శాస్త్రరీతిని గొప్ప విచారణ జరిగిన చోటు అదియే. ఆ విచారణకు మూలమైనది మన సర్కారుజిల్లాల తల్లుల దుఃఖము.

వేసవి సెలవులలో మావారును, పిల్లలిద్దఱును, మా ఆడపడుచు కుమార్తెయు వెంట రాగా మేము కృష్ణాజిల్లానుండి బయలుదేరి, కోయంబత్తూరులో దిగి, మేట్టుపాళయము చేరితిమి. అచ్చటనుండి ఉదయము 7.10కి కొండరైలు కదలును. ఈ మార్గము కూనూరువఱకు 1899లోను, ఉదకమండలమువఱకు 1908లోను తెఱవబడినది. మొత్తము 46 కిలోమీటర్లు. అందు 16 సొరంగములు, 208 మలుపులు, ఇన్నూట యేబదివఱకు వంతెనలు. 2005లో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వములలో చేర్చిరి. కల్లారు దాటిన పిదప రెండు పట్టాలనడుమ పండ్లుగల మూడవ పట్టా యొకటి కనబడును. ఇంజనుక్రింది పండ్లచక్రము దానిని పట్టుకొని ప్రాకుచు, పెట్టెలను వెనుకనుండి త్రోయును. పండ్రెండడుగులు సాగునప్పటికి ఒక యడుగు పైకెక్కునంతటి నిట్రమైన దారి. క్రింద పోకతోటలు, పైన కారడవి, అంతకుపైన మబ్బు. పిల్లలు కిటికీ విడువలేదు. మేనకోడలు మాత్రము శాలువ కప్పుకొని, కిటికీకి తల యానించి, దారిపొడవునను నిద్రించినది.

కూనూరు సముద్రమట్టమునకు ఆఱువేల యడుగులకు మించిన యెత్తున నున్నది. ఊరిలో సిమ్స్ పార్కను పాత ఉద్యానవనము గలదు. 1874లో నేర్పడినది. లోయ వాలుననుసరించి మెట్టుమెట్టుగా దిగు నా తోటలో రుద్రాక్షవృక్షములు మొదలు మనమెన్నడును చూడని విదేశపు చెట్లవఱకు పెంచినారు. దిగుట సుఖముగనే యున్నది. ఎక్కునప్పుడు మాత్రము పదునాఱేండ్ల మేనకోడలు ఇరువది మెట్లకే గుండెపై చేయివైచుకొని కూలబడినది. మా చిన్నవాడు ముందు పరుగెత్తుచుండ, ఆ పిల్ల "అత్తయ్యా, మీరు నడువుడు, నేను మెల్లగా వత్తును" అన్నది. పెదవులు తెల్లబాఱియున్నవి. యాత్రకు ముందే వైద్యురాలు రక్తము పరీక్షించి, హీమోగ్లోబిను 8.4 గ్రాములున్నదని చెప్పియుండెను. ఆ వయసు బాలికకు 12 గ్రాములకు తగ్గరాదు. ఈమె తల్లి, అనగా మా ఆడపడుచు, రెండవకాన్పున రక్తము చాలక మరణముఖమునుండి బయటపడినది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మేమందఱము ఎట్లు కూర్చుంటిమో మాకు తెలియును. అందుచేత ఆ మెట్లమీద కూర్చున్న పిల్లను జూచి మా మనస్సు మనస్సులో లేదు.

ఆ తోట కెదుటనే పాశ్చరు ఇన్‌స్టిట్యూటు భవనములున్నవి. 1907లో స్థాపింపబడిన యీ సంస్థ పిచ్చికుక్క కాటునకు మందు తయారుచేయుటలో పేరొందినది. 1918లో ఇచ్చటి గదియొకదానిలో రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ ప్రారంభించెను. అదియే పెరిగి న్యూట్రిషన్ రిసర్చి లేబొరేటరీస్ అను పరిశోధనాలయమైనది. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యనుపేరు దాల్చినది. తార్నాకలో నిప్పుడు మనము చూచు సంస్థ యిదియే.

బెరిబెరి యనగానేమో నేటి యువతులకు తెలియకపోవచ్చును. కాళ్లు తిమ్మిరెక్కి బలము తప్పును. కొందఱికి నీరుపట్టి గుండె యాగిపోవును. చెన్నరాజధానిలో ఈ వ్యాధి యంతటను సమానముగా లేదు. ఉత్తరసర్కారులనబడు మన తీరపుజిల్లాలలో విరివిగానుండెను. బియ్యమునే తిను అరవదేశమున మిగుల నరుదు. ఒకే ధాన్యము, ఒకే యెండ, ఒకే సముద్రము. వ్యాధి మాత్రము ఒకవైపుననే యేల? మెకారిసన్, నారిస్ అనువారు బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి 1924లో గ్రంథము ప్రకటించిరి. అరవవారు వడ్లను నానవేసి, ఆవిరిపై నుడికించి, ఎండబెట్టి, పిదప దంచుదురు. అది ఉప్పుడుబియ్యము. మనము పచ్చివడ్లనే మరపట్టించి, మల్లెపూవువలె తెల్లనగువఱకు పాలిషు పట్టింతుము. బియ్యపుగింజ పైపొరలోను మొలకలోను థయమిన్ అను బి1 విటమిను దాగియుండును. పచ్చిబియ్యమును తెల్లబఱచినచో అది తవుడుతో కూడ పోవును. వడ్లుడికినపుడో, ఆ విటమినులో కొంతభాగము గింజలోనికి దిగి యచ్చటనే నిలుచును. ఆ పైని మన యిండ్లలో బియ్యమును పలుమాఱులు కడిగి, గంజి వార్చి పాఱబోయు నలవాటు. మిగిలినది కాస్తయు దానితో పోయెడిది.

దీని ఫలము చంటిబిడ్డలు గూడ ననుభవించిరి. తల్లికి ఆ విటమిను లేనిచో చనుబాలలోనుండదు. పైకి ఆరోగ్యముగా గనబడు బిడ్డ రెండుమూడు నెలలు నిండునప్పటికి హఠాత్తుగా గొంతుపోయి, ఆయాసపడి, గంటలలో కన్నుమూయును. 1941లో కూనూరు పరిశోధకులైన ఏక్రాయిడ్, కృష్ణన్ అనువారు బెరిబెరి ప్రాంతమునందలి శిశుమరణములను విచారించిరి. మన అమ్మమ్మలకాలమున గాలియని, దిష్టియని, తల్లి దురదృష్టమని చెప్పుకొన్న మరణములలో నెన్ని యిట్టివో యెవరెఱుగుదురు! అన్నము లేక పోయిన ప్రాణములు కావవి. ఇంటినిండ ధాన్యమున్నను, ఆ ధాన్యమునందలి సారము పోయినందున పోయినవి.

మెకారిసన్ మఱియొక పరీక్ష చేసెను. ఎలుకలను కొన్ని గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు హిందూదేశమునందలి యొక్కొక్క ప్రాంతపు భోజనము పెట్టించెను. పంజాబు సిక్కుల భోజనమైన ముడిగోధుమ రొట్టె, వెన్న, పాలు, పప్పు, పచ్చికూరలు తిన్న యెలుకలు సగటున 235 గ్రాముల బరువునకు పెరిగినవి. చెన్నరాజధాని భోజనము తిన్నవి 155 గ్రాములకే యాగిపోయినవి. ఎలుకలన్నియు నొకేజాతివి, పంజరములును వాతావరణమును నొకటే. భేదమంతయు పళ్లెములోనిదే. మావారీ సంగతి చెప్పగా మా చిన్నవాడు "అయితే మన యెలుకలే ఓడిపోయినవా?" అని మిక్కిలి నొచ్చుకొన్నాడు.

మేము దిగిన యింటి యజమానురాలు అరవ ముత్తైదువ. ఉదయమున ఉప్పుడుబియ్యపు ఇడ్డెనలు, సాంబారు, పచ్చడి పెట్టెడిది. మేనకోడలు ఒక్క ఇడ్డెనతో లేచి, గ్లాసుతో టీ తీసికొని వసారాలోనికి పోవుట జూచి, రెండవదినమున ఆమె యుండబట్టలేక యడిగినది. మావారికి కొంత అరవము వచ్చును గాన సంభాషణ సాగినది. ఆ పిల్ల ఇంటర్మీడియెటు చదువుచు వసతిగృహమున నుండును. తెల్లవాఱుజామున లేచుట, టీ త్రాగుట, పలాహారపు వరుసలో నిలువ తీఱికలేక తరగతికి పోవుట, మధ్యాహ్నము తెల్లన్నము నీళ్లచారుతో రెండుముద్దలు, సాయంకాలము మరల టీ, రాత్రి చదువుకొనుచు పొట్లములలోని వేపుడుముక్కలు. ఇదియే దినచర్య. "సన్నగానున్నావని అందఱును మెచ్చుకొనుచున్నారు అత్తయ్యా" అని కూడ చెప్పినది. ఆ మెప్పునకును రక్తహీనతకును భేదము తెలియని వయస్సు.

కూనూరు చుట్టును కొండలన్నియు తేయాకుతోటలే. చక్కగా కత్తిరించిన పచ్చనితివాచీవలె నున్నవి. తేయాకును నిందింప నిచ్చటికి రాలేదు, మేమును త్రాగితిమి. కాని టీలోని వగరుపదార్థము, భోజనముతో గూడ త్రాగినయెడల, ఆకుకూరలలోను పప్పులలోను గల యినుమును రక్తములోనికి పోనీయదు. భోజనమునకు ముందును వెనుకను గంటసేపైన టీ కాఫీలు మానవలెను. నిమ్మ, ఉసిరిక, జామ మొదలైన పులుసుపండ్లలోని సి విటమిను ఇందుకు విరుద్ధముగా ఇనుమును లోనికి చేర్చును. పప్పన్నముపై నిమ్మరసము పిండుట రుచికి మాత్రమే కాదన్నమాట.

రక్తమునకు ఇనుము చాలదు; ఫోలికామ్లము గూడ కావలెను. లూసీ విల్స్ అను వైద్యురాలు 1928 మొదలు బొంబాయిలో మిల్లుకూలీల గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించి, కూనూరులోను పనిచేసి, ఈస్టుసారములోని యేదియో పదార్థము దానిని కుదుర్చునని కనుగొనెను. ఆ పదార్థమే ఫోలికామ్లము. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన అమెరికా శాస్త్రజ్ఞబృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇప్పుడు బడులలో వారమున కొకమాఱు పంచు నీలిరంగు మాత్రలో ఆ ఫోలికామ్లమును, 60 మిల్లీగ్రాముల యినుమును గలవు. కడుపులో త్రిప్పునని పిల్లలు దానిని కిటికీలోనుండి విసరివేయుట బడిపంతులుగారి యింటివారమగు మాకు క్రొత్తకాదు. పరగడుపున గాక భోజనానంతరము మ్రింగినచో ఆ బాధ చాలవఱకుండదని తల్లులు చెప్పవలెను.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. ఎదుగు వయస్సులోనే శరీరమున కెక్కువ కావలెను. నెలనెలయు రక్తము పోవుచుండును. ఎముక గట్టిపడునది ఆ యేండ్లలోనే. ఇరువదియేండ్లు దాటినపిదప ఎంత పాలుపోసినను ఆ లోటు పూర్తిగా పూడదు. 16 మొదలు 18 ఏండ్ల బాలికకు దినమునకు 32 మిల్లీగ్రాముల యినుము, 1050 మిల్లీగ్రాముల సున్నము కావలెనని పోషకాహారసంస్థవారి నిర్ణయము. అదే వయసు బాలునకు కావలసిన యినుము 26 మిల్లీగ్రాములే. మన యిండ్లలో ఎవరికి ముందు వడ్డింతుము, ఎవరికి గిన్నె యడుగున మిగిలినది పెట్టుదుము అనుమాట యిచ్చట తలచుకొనవలెను.

ఇందుకు కొండమీది కారెట్టు, బీటురూటు కొని తేనక్కఱలేదు. ఈ కొండలమీది బడుగులు పూర్వము రాగులును సామలును పండించి తినిరి. ఇప్పుడా పొలములలో పెక్కు తేయాకుతోటలైనవి. మనదేశమునను జొన్న, రాగి, కొఱ్ఱలకు అదే గతి పట్టినది. శ్రీనాథునిపేర ప్రచారమునందున్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసినవి. పాపము, కవిసార్వభౌమునకు సన్నన్నము లేక కష్టము కలిగినది గాని, ఆ జొన్నకూడు తిన్న పల్నాటివారికి దానివలన లోపము లేదు. నూఱు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నముండును. అంతే తూకపు ఆవుపాలలో సుమారు 120. పెరటిలోని మునగాకు, తోటకూర, గోంగూర, జామపండు, వేరుసెనగ, నువ్వులు ఏ పట్టణపు డబ్బాలకును తీసిపోవు.

పోషకాహారసంస్థవారు 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో, 2000 కాలరీల భోజనమునకు దినమున కింత యని యొక పళ్లెమును చూపించిరి. ధాన్యములు 250 గ్రాములు, పప్పులు, లేదా గ్రుడ్డు, మాంసములు 85, ఆకుకూరలతో చేర్చి కూరలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె నేయి 27, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. మన విస్తరితో సరిపోల్చుడు. విస్తరిలో ముప్పాతికవంతు అన్నము, మూల నొక చెంచా కూర. మారవలసినది ఈ పొందికయే. దీనికి గొప్ప ఖర్చు లేదు. వడ్డించు గరిటె మార్చినచో చాలును.

తిరిగివచ్చిన పిమ్మట మా ఆడపడుచు కుమార్తెకు వైద్యురాలిచ్చిన మాత్రలతోపాటు ఉదయమున రాగిజావయో పెసరట్టో లేక వెళ్లరాదని నియమమేర్పడినది. వసతిగృహమునకు వేరుసెనగ బెల్లపుటుండలును, నువ్వులపొడియు పంపబడుచున్నవి. మూడునెలలకు రక్తము 11.2 గ్రాములైనది. ఇంకను 12 రావలెను.

కూనూరునకు పోదలచువారు కొండరైలునకు ముందుగానే టిక్కెట్లు తీసికొనవలెను. వేసవియైనను ఉన్నిబట్టలు మఱవరాదు. మే నెలయందు సిమ్స్ పార్కులో పండ్ల ప్రదర్శనము జరుగును. పిల్లలకు తప్పక చూపవలయును. మరలివచ్చినపిదప బియ్యపుకొట్టులో ఉప్పుడుబియ్యమో, తక్కువ పాలిషుపట్టిన బియ్యమో యడుగుడు. ఒకటి రెండు మాఱులకు మించి కడుగకుడు. సరిపడు నీరుపోసి యత్తెసరుగా వండుడు. గంజి వార్చినను పాఱబోయకుడు. బడికిపోవు బాలిక ఇంటనున్నచో మగపిల్లవానితోపాటే ఆమెకును పీటవేసి, రెండవమాఱు పప్పు వడ్డించిన పిమ్మటనే మీరు భోజనమునకు కూర్చుండుడు.