గుడారానికి తగిన చోటు

రాజమహేంద్రవరం నుండి గోకవరం మీదుగా ఉత్తర దిశకు సాగే దారి, రంపచోడవరం దాటిన పిమ్మట మైదానపు పొలాలను విడిచి కొండల నడుమ ప్రవేశిస్తుంది. అక్కడి నుండి మారేడుమిల్లి వరకు, ఆ పైన చింతూరు వైపుగా, టేకు, మద్ది, వెదురు దట్టంగా అల్లుకొన్న తూర్పు కనుమల అడవి దారికి ఇరువైపులా కమ్ముకొని ఉంటుంది. రాజమహేంద్రవరానికి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్ల దూరం. శనివారం ఉదయం బయలుదేరిన కుటుంబం మధ్యాహ్న భోజనం వేళకు అడవి నీడలో ఉండవచ్చు; ఆదివారం రాత్రికి తిరిగి ఇల్లు చేరుకోవచ్చు. అందుచేతనే గోదావరి జిల్లాల నుండే గాక, విశాఖపట్నం, హైదరాబాదుల నుండి కూడ ఏటా ఎన్నో కుటుంబాలు, వర్షాలు వెనుకబట్టిన నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు, ఈ కొండలకు వస్తూ ఉంటాయి.

వారు కోరి వచ్చేది ముఖ్యంగా ప్రశాంతత. ఇరుగుపొరుగు రేడియోలు, వాహనాల రొద, గడియారపు ముల్లు పెట్టే తొందర లేని ఒక్క రాత్రి. పిల్లలకు నక్షత్రాలు చూపగల ఆకాశం. గుడారం ఈనాడు అంగడిలో సులభంగా దొరికే వస్తువు. ఆ గుడారాన్ని దింపవలసిన చోటు మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు. దానిని వెదికే పని సాధారణంగా పొద్దు గూకబోయే వేళ, ఆకలిగొన్న పిల్లల గోల మధ్య, పది నిమిషాలలో ముగిసిపోతుంది. ఆ రాత్రి సుఖము, ఒక్కొక్కప్పుడు ప్రాణము కూడ, ఆ పది నిమిషాల మీదనే ఆధారపడి ఉంటాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇంటికన్న గుడారానికే ఎక్కువగా వర్తిస్తుంది.

ఇసుక తిన్నె పిలుపు

ఈ అడవికి అందం వాగులు. పాములేరు, వలమూరు వాగు, సోకులేరు మొదలైనవి కొండల నుండి దిగి, నున్నని బండల మీదుగా, తెల్లని ఇసుక తిన్నెలను ఒరుసుకొంటూ ప్రవహిస్తాయి. దారిన పోయే కుటుంబం కంటికి మొదట పడేది ఆ ఇసుక తిన్నెయే. నేల చదునుగా ఉన్నది, మెత్తగా ఉన్నది, నాలుగడుగుల దూరంలో నీరున్నది, పిల్లలు ఆడుకోవడానికి గులకరాళ్లున్నవి. ఇంతకన్న మంచి చోటు మరొకటి ఉండదనిపిస్తుంది.

ఆ ఇసుకను అక్కడికి తెచ్చినది ఏమిటన్న ప్రశ్న మాత్రం చాలమందికి తోచదు. దానిని వాగే తెచ్చింది. ఆ చోటు వాగుదే. కొంతకాలం దానిని విడిచి పక్కకు తప్పుకొన్నదంతే. మళ్లీ ఎప్పుడు వచ్చి స్వాధీనం చేసుకొంటుందో ఒడ్డున కూర్చున్న వారికి తెలియదు. కొండ వాగులకు ఒక స్వభావమున్నది. వాన పైన ఎక్కడో, రెండు మూడు కొండల అవతల కురుస్తుంది. దిగువన ఆకాశం నిర్మలంగా ఉండగానే నీరు వచ్చిపడుతుంది. నిటారైన వాలుల వల్ల, రాతినేల ఇంకించుకోలేనందువల్ల, చిన్న వాగు సైతం కొద్ది నిమిషాలలో పొంగుతుంది. వేగంగా పారే నీరు మోకాటి లోతు ఉన్నా పెద్దవారిని పడదోయగలదు. పసివారి సంగతి చెప్పనవసరం లేదు.

2024 సెప్టెంబరులో మారేడుమిల్లికి సమీపాన ఉన్న జలతరంగిణి జలపాతం వద్దకు విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులలో ముగ్గురు ఇట్టి ఆకస్మిక ప్రవాహంలోనే కొట్టుకుపోయి మరణించారు. అంతకు పదేళ్ల ముందు, 2014 జూన్ 8న, హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది గర్భంలోని బండల మీదికి హైదరాబాదు నుండి వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు దిగారు. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట నుండి నీరు వదలినప్పుడు వారిలో 24 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ సాయంకాలం అక్కడ వాన లేదు. నది నడుమ ఆరిన బండలు కనిపించడమే వారిని నమ్మించినది.

ఆ పాఠం ఈ ప్రాంతానికి కూడ చెందినదే. చింతూరు పరిసరాలలోని సీలేరు నది మీద డొంకరాయి, మోతుగూడెం వంటి చోట్ల జలవిద్యుత్తు కోసం నీటిని నిలిపి విడుదల చేస్తారు. ఆనకట్టకు దిగువన ఉన్న నదిలో నీరు వాన చూచి రాదు; యంత్రాల అవసరం చూచి వస్తుంది. అట్టి నదీగర్భం ఎంత పొడిగా ఉన్నా అది విడిదికి పనికిరాదు.

నేల చెప్పే ఆనవాళ్లు

వాగు ఎంతవరకు వస్తుందో తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞుడు కానవసరం లేదు. ఒడ్డున ఉన్న పొదలను, చెట్ల మొదళ్లను పరికించి చూచినట్లయితే, ఎండిన గడ్డి, పుల్లలు, చెత్త కొమ్మలకు చుట్టుకొని ఉండటం కనిపిస్తుంది. వరద వచ్చిన ఎత్తు అది. చెట్ల కాండాల మీద మట్టి చారలు, ఒకే దిక్కుకు వంగిన పొదలు కూడ అదే మాట చెబుతాయి. గుడారం ఆ గీతకు బాగా పైన ఉండాలి. నీటి కోసం నాలుగడుగులు ఎక్కువ నడవవలసి వస్తే నడవవచ్చు. ఇక తేటగా పారుతున్న నీరు హఠాత్తుగా బురదరంగుకు తిరిగినా, ఆకులు, రెమ్మలు కొట్టుకొని వస్తున్నా, హోరు పెరిగినా, సామానులు సర్దుకొనే ఆలోచన మాని పిల్లలతో గట్టెక్కవలసినదే.

అలాగని శిఖరాగ్రానికి పోవడం కూడ తగదు. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు మిట్ట మీది గుడారము, ఒంటరిగా నిలిచిన పెద్దచెట్టు నీడ, రెండూ ప్రమాదకరమైనవే. తలయెత్తి చూడటం మరొక నియమం. పచ్చని చెట్టులో సైతం ఎండిన కొమ్మ ఒకటి వేలాడుతూ ఉండవచ్చు. అర్ధరాత్రి చిన్న గాలికే అది విరిగి పడవచ్చు.

చలి విషయంలో కూడ నేల తీరు తెలిసి ఉండటం మంచిది. సూర్యుడు అస్తమించిన పిమ్మట చల్లబడిన గాలి బరువెక్కి, నీటి వలెనే వాలు వెంట జారి, లోయ అడుగున చేరుతుంది. డిసెంబరు రాత్రులలో వాగు పక్కన వణికే కుటుంబానికి, అదే వాలు మీద కొంచెం ఎత్తున ఉన్న కుటుంబానికి కప్పుకొనే దుప్పట్లలోనే తేడా తెలుస్తుంది. మంచు కూడ లోయలోనే ఎక్కువగా కురుస్తుంది. ఎగువకు కొద్దిగా, తూర్పుకు ముఖంగా ఉన్న చదును నేల దొరికితే తొలి ఎండ గుడారాన్ని వెచ్చబరచి పిల్లలను నిద్రలేపుతుంది.

దోమ, పాము

మన్యపు జ్వరమంటే ఒకప్పుడు మైదానపు ఉద్యోగులకు హడలు. ఏజెన్సీకి బదిలీ అయితే శిక్షగా భావించేవారు. ఆ జ్వరాన్ని మోసుకొని వచ్చేది దోమ అని తేలినది తెలుగు నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. తూర్పు కనుమలలో ఈ వ్యాధిని వ్యాపింపజేసే దోమలలో ముఖ్యమైనది ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. అది మురుగు గుంటలలో గాక, మెల్లగా పారే తేట వాగుల అంచులలో గుడ్లు పెడుతుంది, రాత్రివేళ కుడుతుంది. కనుక వాగు ఒడ్డును విడిచిపెట్టడానికి ఇది రెండవ కారణం. దోమతెర, నిండు చేతుల చొక్కా, ఒంటికి పూసుకొనే మందు ఈ ప్రయాణంలో తప్పనిసరి. ఇంటికి తిరిగి వచ్చిన కొన్ని వారాలలో జ్వరం తగిలితే, అడవిలో బస చేసిన సంగతి వైద్యునికి తప్పక తెలియజేయాలి.

పాముల విషయంలో భయం కన్న జాగ్రత్త మేలు. కట్లపాము రాత్రి సంచరిస్తుంది. నేల మీద పడుకొన్నవారిని నిద్రలో కరుస్తుంది. కాటు నొప్పి తెలియకపోవడం కూడ కద్దు. నాలుగు వైపులా మూసుకొనే గుడారంగాని, పరుపు కిందికి దోపిన దోమతెరగాని చాలవరకు రక్షణ ఇస్తాయి. రాళ్ల గుట్టలు, పుట్టలు, ఎండుటాకుల కుప్పలు, వెదురు పొదల మొదళ్లు విడిదికి దూరంగా ఉండాలి. కాటు పడితే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం మాని, కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. గుడారం వేయడానికి ముందే దగ్గరి ఆసుపత్రి ఎక్కడ ఉన్నదో, అక్కడికి ఏ దారిన పోవాలో పెద్దలకు తెలిసి ఉండాలి. కొండ మలుపులలో ఫోను పలకని చోట్లు అనేకం.

నిశ్శబ్దం దొరికే తావు

ప్రమాదాలను తప్పించుకొన్నంత మాత్రాన ప్రశాంతత లభించదు. జలపాతాల వద్ద, దృశ్యం బాగా కనిపించే మలుపుల వద్ద సెలవు రోజులలో తీర్థపు రద్దీ ఉంటుంది. దుకాణాలు, పాటలు, బొంగులో చికెన్ కాల్చే పొగ అక్కడ వేడుకగానే ఉంటాయి. పగలు గంటసేపు నిలవడానికి అది చాలు. రాత్రి బసకు మాత్రం దారి నుండి పక్కకు తొలగిన చోటు కావాలి. దూరం కన్న అడ్డు ముఖ్యం: దారికి, విడిదికి మధ్య ఒక చిన్న గుట్ట ఉంటే లారీల చప్పుడు అక్కడే ఆగిపోతుంది. చదును నేల మీద అంతకు ఎన్నో రెట్లు దూరం పోయినా ఆ చప్పుడు వెంటాడుతుంది.

చోటు నచ్చిన తరువాత సామానులు దింపక మునుపు, అందరూ పావుగంట సేపు మాటలాడకుండా కూర్చోవడం మంచి పరీక్ష. ఆ పావుగంటలో చీమల బారులు కనిపిస్తాయి. గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తుంది. దూరాన యంత్రమేదైనా మోగుతుంటే వినబడుతుంది. అడవి కూడ అప్పుడే నోరు విప్పుతుంది. కొమ్మ నుండి కొమ్మకు దూకే బెట్టుడుత, గాలికి ఒకదానినొకటి రాచుకొని కిర్రుమనే వెదుళ్లు, పొద్దు వాలేసరికి శ్రుతి కలిపే కీచురాళ్లు, ఇవన్నీ కదలక కూర్చున్నవారికే దక్కుతాయి. పిల్లలకు ఇది కష్టమనుకొంటారుగాని, ఎవరు ఎన్ని చప్పుళ్లు లెక్కపెట్టగలరో చూతమంటే పెద్దలకన్న వారే ఓపికగా కూర్చుంటారు.

ఆ చోటు ఎవరిది?

నిర్జనంగా కనిపించినంత మాత్రాన అడవి ఎవరిదీ కాకుండా పోదు. ఈ కొండలు కొండరెడ్ల నివాసం. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ గోదావరి తీరపు కొండరెడ్ల జీవితాన్ని గూర్చి 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అన్న గ్రంథాన్ని 1945లో ప్రచురించాడు. పోడు సేద్యం, జీలుగు కల్లు, వెదురు పని వారి బ్రతుకులో విడదీయరానివి. 1879 నాటి రంప తిరుగుబాటు, 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం ఈ మన్యంలోనే చెలరేగాయి. అడవిని అనుభవించే హక్కుపై ప్రభుత్వం విధించిన ఆంక్షలు, రోడ్ల పనులలో వెట్టిచాకిరి రెండవదానికి ముఖ్య కారణాలు. ఈ జనుల హక్కులను చట్టం గుర్తించినది 2006లో.

కావున ఒక్క రాత్రి కోసం వచ్చినవారు అతిథులుగా మెలగవలసి ఉంటుంది. రిజర్వు అడవిలో ఇష్టం వచ్చిన చోట బస చేయరాదు. అటవీ శాఖ అనుమతి పొందాలి. శాఖవారు, స్థానికుల వన సంరక్షణ సమితులు నిర్వహించే విడిదులలో దిగడం అన్నివిధాల ఉత్తమం: కాపలా ఉంటుంది, చెల్లించిన సొమ్ము గ్రామానికి చేరుతుంది, వాగు సంగతి పుట్టిననాటి నుండి ఎరిగినవారు పక్కనే ఉంటారు. 'ఈ వాగు ఎంతవరకు వస్తుంది?' అని వారిని అడిగితే, ఏ పుస్తకమూ చెప్పలేని సమాధానం వేలు చూపి చెబుతారు. ఎండిన ఆకులు పరచుకొన్న అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. విడిదివారు చూపిన పొయ్యి వద్దనే వంట సాగాలి. పాత్రలు తోమిన నీరు, సబ్బు నురుగు వాగులో కలపరాదు. కాలకృత్యాలకు నీటికి కనీసం డెబ్బై అడుగులు వేసి దూరంగా పోవాలి. దిగువన ఉన్న పల్లె ఆ నీటినే తాగుతుంది.

ఇన్ని నియమాలు విన్న గృహస్థుకు ఇంటిపట్టున ఉండటమే నయమనిపించవచ్చు. నిజానికి ఇవన్నీ ఒక్క గంట పని. మధ్యాహ్నం మూడు గంటలకే చోటు చేరుకొని, ఆ గంట శ్రద్ధగా గడిపిన కుటుంబానికి మిగిలిన పద్దెనిమిది గంటలు నిశ్చింతగా గడుస్తాయి. వరద గీత చూపించినప్పుడు పిల్లవాడు అడిగే ప్రశ్నలు, చెట్టు కొమ్మను పరీక్షించమన్నప్పుడు వాడు కనబరచే పెద్దరికం, ఆ ప్రయాణపు లాభంలో భాగమే. మరునాడు గుడారం విప్పి, చెత్త అంతా సంచిలో కట్టుకొని బయలుదేరేటప్పుడు, అక్కడ మిగలవలసినది నలిగిన గడ్డి ఒక్కటే. అది రెండు రోజులలో మళ్లీ లేచి నిలుస్తుంది.